దాదాపు ఒకేలా ఉన్న రెండు లేత రంగులు: గదికి ఏది నప్పుతుందో తేల్చేది ఏమిటి?

సారాంశం: షేడ్ కార్డులో కవలల్లా కనిపించే రెండు లేత రంగుల మధ్య తేడా రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి వెలుగులో తేడా, రెండోది లోఛాయలో, అంటే తెలుపు అడుగున దాగి ఉండే రంగు మొగ్గులో తేడా. వెలుగులో మాత్రమే కొద్దిపాటి తేడా ఉంటే ఏది వేసినా పెద్దగా నష్టం లేదు. లోఛాయలు వేరైతే మాత్రం గోడ మొత్తం వేరుగా కనిపిస్తుంది. ఆ లోఛాయను బయటికి లాగేవి కిటికీ దిక్కు, కిటికీ ఎదురుగా ఉన్నది, రాత్రి వేసే బల్బులు, నేల టైల్స్. అందుకే ఎంపిక పెయింటు దుకాణంలో కాక ఆ గదిలోనే, రెండు అడుగుల నమూనా పలకలతో జరగాలి.

బెంగళూరులో కొత్త ఫ్లాటు తీసుకున్న తెలుగు కుటుంబాల్లో రంగుల చర్చ చాలాసార్లు ఒకేచోట ఆగిపోతుంది. ముదురు రంగులు వద్దని అందరూ ఒప్పుకుంటారు. చివరికి రెండు లేత రంగులు మిగులుతాయి. ఒకటి మీగడ వైపు మొగ్గిన తెలుపు, ఇంకొకటి బూడిద వైపు మొగ్గిన తెలుపు. దుకాణంలో తేడా కనిపెట్టడమే కష్టమనిపించే ఆ రెండూ గోడ మీదకి వచ్చాక ఒకటి పసుపుగా, మరొకటి ఆకుపచ్చగా మారిందన్న ఫిర్యాదు పెయింటర్లకు కొత్త కాదు. దీనికి డబ్బా తప్పు కారణం కావడం అరుదు.

కార్డు చూపించనిది

కార్డు మీద ఒక్కో రంగుకు దక్కే చోటు రెండు అంగుళాలకు మించదు. చుట్టూ తెల్ల కాగితం, పైనా కిందా మరికొన్ని రంగులు ఉంటాయి. పక్కపక్కనున్న రంగులు ఒకదాని తేడాను ఒకటి పెంచి చూపిస్తాయని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లోనే వివరంగా రాశారు. కార్డులో లేత రంగు పక్కనే తెల్లటి అంచు ఉండటంతో అది ఉన్నదానికంటే ముదురుగా తోస్తుంది. దాంతో చాలామంది మరో మెట్టు లేతదానికి వెళ్తారు. గోడ మీద ఆ పోలిక ఉండదు కాబట్టి అది వట్టి తెలుపుగా తేలిపోతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా పనిచేసే ప్రభావం ఇంకొకటి ఉంది. గదిలో వెలుతురు ఒక గోడను తాకి ఎదుటి గోడ మీద పడుతుంది, అక్కణ్నుంచి మళ్లీ మరో గోడకు వెళ్తుంది. మీగడ రంగు గోడ ఒకటి తన మీద పడిన వెలుతురులో పసుపు, ఎరుపు భాగాన్ని 80 శాతం, నీలి భాగాన్ని 70 శాతం తిప్పి పంపుతుందనుకుందాం. మొదటిసారి తాకాక నిష్పత్తి 80కి 70. రెండోసారి 64కి 49. మూడోసారి సుమారు 51కి 34. అంటే ప్రతి తాకిడికీ నీలం తగ్గిపోతూ పసుపు పేరుకుంటుంది. కార్డు మీద కనిపించీ కనిపించని ఛాయ, నాలుగు గోడలకూ అదే రంగు వేసిన గదిలో స్పష్టంగా బయటపడటానికి కారణం ఇదే. రెండు గోడలు కలిసే మూలల్లో ఇది మరీ ఎక్కువ. ఫోను తెర మీద, కంపెనీల యాప్‌లలో గది ఫొటోకు రంగు అద్ది చూసుకునే సదుపాయం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, ఈ లెక్క అందులో సరిగా రాదు. పైగా తెర వెలుగును బట్టే లేత రంగులు మారిపోతాయి.

డబ్బాలో అసలు ఏముంటుంది

లేత రంగుల డబ్బాలో అధిక భాగం టైటానియం డయాక్సైడ్ ఉన్న తెల్ల బేస్. దుకాణంలోని టింటింగ్ మిషన్ అందులో కొన్ని చుక్కల రంగు వదులుతుంది. మీగడ, దంతపు రంగులకు ఎక్కువగా పసుపు ఆక్సైడ్, దానికి తోడు కొద్దిగా ఎరుపు ఆక్సైడ్ పడతాయి. బూడిద వైపు తెలుపులకు నలుపు ప్రధానం. ఆ నలుపుకు పసుపు ఆక్సైడ్ తోడైతే అసలు చిక్కు మొదలవుతుంది. పసుపు, నలుపు కలిస్తే ఆకుపచ్చ వైపు మొగ్గుతుంది. ఎరుపు ఆక్సైడ్ కాస్త పడితేనే ఆ పచ్చదనం అణుగుతుంది. ‘గోధుమ బూడిద’ అనిపించే చాలా షేడ్లు తెల్లటి బల్బు కింద పచ్చగా తేలడం వెనుక ఉన్నది ఈ మిశ్రమమే.

మన ఇళ్లలో పండగ ముందు వెల్ల వేసేటప్పుడు సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేవారు. సున్నం పసుపు ఛాయను నీలం అణిచేస్తుంది కాబట్టి గోడ మరింత తెల్లగా కనిపించేది. చిటికెడు రంగు మొత్తం తెలుపు తీరునే మార్చడం అక్కడా ఇక్కడా ఒకటే సూత్రం.

లోఛాయ తెలుసుకోవడానికి రెండు సులువైన దారులున్నాయి. షేడ్ కార్డులో ఒకే వరుసలో లేత నుంచి ముదురు వరకు రంగులుంటే, ఆ వరుసలో అన్నిటికంటే ముదురుగా ఉన్న రంగును చూడాలి. పైన మంచు తెలుపులా ఉన్నది కింద బెల్లం రంగుకు చేరితే లోఛాయ పసుపు గోధుమ. కింద ఆలివ్ రంగు కనిపిస్తే ఆకుపచ్చ. రెండోది, మిషన్ దగ్గర ఫార్ములా అడగడం. కోడు కొట్టగానే ఏ రంగు ఎంత పడుతుందో తెర మీద వస్తుంది, అడిగితే చూపించే దుకాణాలున్నాయి. ఒకదానిలో నలుపు, పసుపు, ఇంకొకదానిలో పసుపు, ఎరుపు ఉంటే అవి చూపుకు ఎంత దగ్గరగా ఉన్నా గోడ మీద విడిపోతాయి. రెండింటిలోనూ అవే రంగులు అదే నిష్పత్తిలో ఉండి మొత్తం పరిమాణమే తేడా అయితే అది ప్రధానంగా వెలుగులో తేడా.

వెలుగులో తేడాను కొలిచే అంకె కూడా ఉంది. ఎల్‌ఆర్‌వీ అంటారు, సున్నా నుంచి 100 వరకు ఉంటుంది. రంగు తన మీద పడిన వెలుతురులో ఎంత శాతం తిప్పి పంపుతుందో అది చెబుతుంది. లేత తెలుపులు సాధారణంగా 70కి పైనే ఉంటాయి. లోఛాయ ఒకటే అయి ఎల్‌ఆర్‌వీలో రెండు మూడు పాయింట్లు తేడా ఉంటే, పక్కపక్కన పెడితే తప్ప అది కంటికి ఆనదు. ఇంత చిన్న తేడా మీద ఇంట్లో వారం రోజులు చర్చ నడపడం అనవసరం. 80కీ 70కీ మధ్య తేడా అయితే ఇరుకు గదిలో తెలుస్తుంది.

‘ఈస్ట్ ఫేసింగ్’ ఫ్లాటు, వేరే దిక్కు కిటికీ

రంగుల ఎంపికపై ఇంగ్లిష్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం యూరప్, అమెరికాలకు రాసినవి. ఉత్తరపు గదికి ఎప్పుడూ ఎండ రాదు కాబట్టి వెచ్చని (పసుపు, ఎరుపు వైపు) రంగు వేయాలి, దక్షిణపు గదిలో రోజంతా ఎండ కాబట్టి చల్లని (నీలం, బూడిద వైపు) రంగు వేయాలి అని వాటిలో ఉంటుంది. బెంగళూరు ఉత్తర అక్షాంశం సుమారు 13 డిగ్రీల మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కణ్నుంచి ఆగస్టు మధ్య వరకు మిట్టమధ్యాహ్నం కూడా కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. మే, జూన్ నెలల్లో ఉదయం, సాయంత్రం ఉత్తరపు కిటికీలోకి ఏటవాలు ఎండ వస్తుంది. దక్షిణపు కిటికీకి ఆ రోజుల్లో నేరుగా ఎండ తగలదు. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 54 డిగ్రీల ఎత్తుకే చేరతాడు కాబట్టి అప్పుడు దక్షిణపు గదిలోకి ఎండ లోతుగా పాకుతుంది. ఇక్కడ ఉత్తర, దక్షిణాల తేడా రుతువును బట్టి తారుమారవుతుందన్నమాట. ఏడాది పొడవునా గట్టిగా నిలిచే తేడా తూర్పు, పడమరలది.

తూర్పు కిటికీ గదిలో పొద్దున వెచ్చని వెలుతురు, పది దాటాక ఆకాశపు నీలి వెలుతురు ఉంటుంది. పడమటి గది మధ్యాహ్నం దాకా చల్లగా ఉండి, మూడు తర్వాత నారింజ వైపు తిరుగుతుంది. పడమటి పడకగదికి పసుపు లోఛాయ ఉన్న మీగడ రంగు వేస్తే సాయంత్రం గోడ బాగా పసుపెక్కుతుంది. అక్కడ బూడిద వైపు తెలుపు నిలకడగా ఉంటుంది. ఉదయం మాత్రమే వాడే తూర్పు వంటగదిలో రెండూ నప్పుతాయి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. తెలుగువారు వాస్తు చూసి తీసుకునే ‘ఈస్ట్ ఫేసింగ్’ ఫ్లాటులో తూర్పు అన్నది సింహద్వారానిది. అపార్టుమెంటులో ఆ ద్వారం సాధారణంగా లోపలి కారిడార్‌లోకి తెరుచుకుంటుంది. హాలుకు వెలుతురు వచ్చేది బాల్కనీ నుంచి, అది పడమరకో దక్షిణానికో ఉండొచ్చు. రంగు కోసం దిక్కు చూసేటప్పుడు ఫోనులో దిక్సూచి తెరిచి కిటికీ దగ్గర నిలబడి చూడాలి.

దిక్కు తర్వాత చూడాల్సింది కిటికీ ఎదురుగా ఏముందన్నది. చాలా ఇళ్లలో దిక్కుకంటే దీని ప్రభావమే ఎక్కువ. బెంగళూరులో 30×40 అడుగుల సైట్లలో కట్టిన ఇళ్లకు పక్కింటి గోడ కొన్ని అడుగుల దూరంలోనే ఉంటుంది. కింది అంతస్తు గదులకు వచ్చే వెలుతురు దాదాపు అంతా ఆ గోడను తాకి వచ్చేదే. ఆ గోడ పీచు రంగయితే గదిలో పడే వెలుతురుకూ ఆ రంగు అంటుతుంది, మీగడ రంగు గులాబీ వైపు జారుతుంది. జయనగర్, మల్లేశ్వరం వంటి పాత పేటల్లో కిటికీని కమ్మిన చెట్లుంటే వచ్చేది ఆకుల్లోంచి వడకట్టిన పచ్చటి వెలుతురు. నలుపు, పసుపు మిశ్రమంతో చేసిన గోధుమ బూడిద అక్కడ మరీ పచ్చగా కనిపిస్తుంది. అలాంటి గదికి కొద్దిగా ఎరుపు లోఛాయ ఉన్న తెలుపు మంచి విరుగుడు. వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు వైపు ఎత్తయిన టవర్లలో ఎదురుగా అద్దాల ఆఫీసు భవనం ఉంటే, రోజులో కొన్ని గంటలు నీలి ఆకుపచ్చ ఛాయ ఉన్న వెలుతురు గదిలో పడుతుంది.

వెలుతురే తక్కువగా ఉన్న గదికి అన్నిటికంటే తెల్లటి రంగు వేయాలన్న సలహా కూడా సగమే నిజం. తెలుపు వచ్చిన వెలుతురును తిప్పి పంపగలదు, లేని వెలుతురును తేలేదు. మసక గదిలో బూడిద వైపు తెలుపు మాసిన గోడలా కనిపిస్తుంది. అక్కడ అదే ఎల్‌ఆర్‌వీ ఉన్న మీగడ రంగు శుభ్రంగా అనిపిస్తుంది.

రాత్రి వెలుతురు

ఉద్యోగాలకు వెళ్లే కుటుంబం తన హాలును ఎక్కువగా చూసేది సాయంత్రం ఏడు తర్వాతే. అందుకే బల్బులకు కిటికీతో సమానమైన ప్రాధాన్యం ఇవ్వాలి. ఎల్‌ఈడీ పెట్టె మీద కెల్విన్ అంకె ఉంటుంది. 2700, 3000 అంటే పసుపు వెలుతురు, 4000 మధ్యస్థం, 6500 నీలం వైపు తెల్లటి వెలుతురు. మన ఇళ్లలో 6500 బల్బులే ఎక్కువ. దాని కింద మీగడ రంగులో పసుపు కొంత అణుగుతుంది, బూడిద రంగు మాత్రం ఆసుపత్రి గోడలా చల్లబడుతుంది. 3000 కింద అదే బూడిద మెత్తబడుతుంది, మీగడ పసుపెక్కుతుంది.

ఫాల్స్ సీలింగ్ ఉన్న ఫ్లాట్లలో చిక్కు ఇంకొంచెం పెరుగుతుంది. అంచుల్లో దాచిన స్ట్రిప్ లైటు 3000, మధ్యలో డౌన్‌లైట్లు 6500 పెట్టడం మామూలైపోయింది. రెండూ కలిపి వేస్తే గోడ పైభాగం పసుపు, కింది భాగం నీలం. ఏ లేత రంగు వేసినా ఈ గీత పోదు. రంగు ఎంచుకునే ముందే బల్బులన్నీ ఒకే కెల్విన్‌కు, వీలైతే 4000కు తెచ్చుకోవడం మేలు.

రెండు రంగులు ఒక వెలుతురులో అచ్చం ఒకేలా ఉండి ఇంకో వెలుతురులో విడిపోవడాన్ని మెటామెరిజం అంటారు. వేర్వేరు పదార్థాలతో ఒకే రంగును చేరుకున్నప్పుడు ఇది వస్తుంది. ఒక కంపెనీ షేడ్‌ను మరో కంపెనీ డబ్బాలో ‘మ్యాచింగ్’ చేయించినప్పుడు ఇదే జరగవచ్చు. దుకాణం ట్యూబులైటు కింద సరిపోయిన రంగు ఇంట్లో పగటిపూట సరిపోకపోవచ్చు. ఏ కంపెనీ కార్డులో చూసి ఎంచుకున్నారో ఆ కంపెనీ పెయింటే, అదే రకం ఎమల్షనే (నీటి ఆధారిత గోడ పెయింటు) తీసుకోవాలి. బల్బుల్లో సీఆర్‌ఐ అనే అంకె 90కి పైన ఉన్నవి రంగులను మరింత నమ్మకంగా చూపిస్తాయి. మామూలు వాటిలో అది 80 ప్రాంతంలో ఉంటుంది, ఎరుపు ఛాయలు అందులో చప్పబడతాయి.

మార్చలేనివాటితో మొదలుపెట్టాలి

గోడ రంగు మళ్లీ వేసుకోవచ్చు. నేల టైల్స్, వంటగది గ్రానైటు, వార్డ్‌రోబు లామినేటు, తలుపులు అలా కావు. వాటిలో విస్తీర్ణం ఎక్కువ నేలది. ఐవరీ విట్రిఫైడ్ టైల్స్ పరిచిన ఫ్లాటులో బూడిద వైపు తెలుపు వేస్తే నేల పాతబడిన పసుపులా కనిపించడం మొదలవుతుంది. పసుపెక్కింది నేల కాదు, గోడ దాన్ని అలా చూపిస్తుంది. బూడిద రంగు సిమెంటు తరహా టైల్స్ ఉన్నచోట మీగడ గోడకు ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. పాత ఇళ్లలోని రెడ్ ఆక్సైడ్ గచ్చు కింది నుంచి ఎర్రటి వెలుతురును గోడ మీదకి, సీలింగు మీదకి విసురుతుంది. అక్కడ గులాబీ ఛాయ ఉన్న తెలుపు వేస్తే గది మొత్తం గులాబీగా మారుతుంది. టేకు తలుపులు మీగడతో సులువుగా కలిసిపోతాయి, బూడిదతో అయితే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అలా ప్రస్ఫుటంగా కనిపించడమే కావాలనుకునేవారికి అదే సరైన ఎంపిక.

తలుపు చట్రాలకు తెల్ల ఎనామిల్ వేయించేవారు ఒకటి గమనించాలి. నూనె ఆధారిత ఎనామిల్ తెలుపు కాలంతో పాటు పసుపు తిరుగుతుంది, వెలుతురు తక్కువ ఉన్నచోట ఇంకా త్వరగా. ఎమల్షన్ గోడకు ఆ స్వభావం లేదు. వేసిన రోజు సరిపోలిన తెలుపులు రెండేళ్లకు విడిపోతాయి. చట్రాలకు నీటి ఆధారిత ఎనామిల్ వాడితే ఈ తేడా చాలావరకు తప్పుతుంది.

సీలింగుకు వేసే స్వచ్ఛమైన తెలుపు కూడా పోలికకు కారణమవుతుంది. తెల్లటి సీలింగు కింద బూడిద వైపు తెలుపు మాసినట్టు ఉంటే, గోడ రంగు ఫార్ములాను సగం పాళ్లలో కలిపించి సీలింగుకు వేయొచ్చు. ఇది మిషన్ మీదే చేయించాలి. మేస్త్రి స్టైనర్ (చేత్తో కలిపే గాఢమైన రంగు) ట్యూబుతో చూపుమీద కలిపిన రంగు బాగానే ఉండొచ్చు, కానీ రేపు ఇంకో డబ్బా అవసరమైతే దాన్ని మళ్లీ తేవడం ఎవరివల్లా కాదు.

పరీక్ష ఎలా చేయాలి

గోడ మీద పక్కపక్కన రెండు చదరాలు పూసి చూడటం ఎక్కువమంది చేసే పని. అది అంత నమ్మదగింది కాదు. చుట్టూ ఉన్న పాత రంగు చూపును లాగేస్తుంది, రెండు నమూనాలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి, పైగా వాటి అంచులు తుది కోటింగు కింద గీతల్లా ఉబ్బి కనిపిస్తాయి.

ఒక్కో రంగుకు రెండు అడుగుల చదరపు పలకలు రెండేసి కావాలి. జిప్సం బోర్డు ముక్కలు గానీ మందపాటి తెల్ల అట్టలు గానీ సరిపోతాయి. ముందు ఒక కోటు తెల్ల ప్రైమర్, ఆపై రెండు కోట్ల అసలు పెయింటు, డబ్బా మీద రాసినంత నీరే కలిపి, చిన్న రోలర్‌తో వేయాలి. బ్రష్ వదిలే గీతలు వెలుతురును వేరుగా విరజిమ్ముతాయి. కోటుకూ కోటుకూ మధ్య నాలుగైదు గంటలు, వానల రోజుల్లో అంతకంటే ఎక్కువ ఆగాలి. తడిగా ఉన్నప్పుడు రంగును అంచనా వేయకూడదు. ఎమల్షన్ తడిలో పాలలా తెల్లగా ఉండి, ఆరాక కాస్త ముదురుతుంది. ఒక రోజు ఆగి చూడటమే సరైనది.

ఒకే రంగు పలకలు రెండింటినీ గది మూలలో, చెరో గోడకు ఆనించి నిలబెట్టాలి. పైన చెప్పిన వెలుతురు తాకిడి చిన్న మోతాదులో అక్కడ కనిపిస్తుంది. తర్వాత ఒకదాన్ని కిటికీ ఎదురు గోడకు, ఒకదాన్ని కిటికీ ఉన్న గోడకే మార్చాలి. కిటికీ గోడ మీద ఏ రంగైనా నీడలో ఉంటుంది కాబట్టి ముదురుగా తోస్తుంది. పలక అడుగు నేలకు తగిలేలా పెట్టి టైల్‌తో, తలుపు చట్రం పక్కన పెట్టి చెక్కతో పోల్చాలి. ఉదయం ఎనిమిదికి, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం ఐదుకు, రాత్రి లైట్లు వేశాక చూడాలి. ఒక ఎండ రోజు, ఒక మబ్బు రోజు దొరికితే ఇంకా మంచిది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు బెంగళూరులో మబ్బుకు కొదవ ఉండదు. మబ్బు వెలుతురులో మాత్రమే చూసి ఎంచుకున్న మీగడ రంగు మార్చి ఎండలో మరీ పసుపనిపించే ప్రమాదం కూడా ఉంది.

కన్ను వెలుతురుకు అలవాటుపడుతుంది. పసుపు బల్బు కింద పది నిమిషాలు కూర్చుంటే ఆ గోడ తెల్లగానే అనిపిస్తుంది. కాబట్టి పలక పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకుని చూడాలి. ప్రింటరు కాగితం పగటి వెలుతురులో కొంచెం నీలంగా మెరుస్తుంది, దాని పక్కన ఏ మీగడైనా ఉన్నదానికంటే పసుపుగా కనిపిస్తుంది. రెండు నమూనాలనూ అదే కాగితంతో పోలిస్తే సరిపోతుంది. మొదట ఒక్కో రంగును విడిగా చూసి ‘ఇది ఏ వైపు మొగ్గుతోంది’ అని రాసుకుని, ఆ తర్వాతే రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. ఈ వరుస తిరగేస్తే పోలిక మత్తులో పడి, గోడ మీద ఎప్పటికీ కనిపించని తేడాలను చూడటం మొదలవుతుంది.

నాలుగు సమయాల్లోనూ ఏ రంగూ ఇబ్బంది పెట్టకపోతే ఏదైనా వేయొచ్చు. ఒకటి మూడుసార్లు బాగుండి రాత్రి మాత్రం ఆకుపచ్చగా మారితే, ముందు బల్బు మార్చి చూడాలి.

కొనేటప్పుడు, వేసేటప్పుడు

12×10 అడుగుల గది, పది అడుగుల ఎత్తు అనుకుంటే గోడలు 440 చదరపు అడుగులు. ఒక తలుపు, రెండు కిటికీలు తీసేస్తే సుమారు 387. రెండు కోట్లకు లీటరుకు 130 చదరపు అడుగుల చొప్పున లెక్కేస్తే మూడు లీటర్లు. ఇలాంటి గదికి నాలుగు లీటర్ల డబ్బా ఒకటి సురక్షితం, మిగిలింది మరమ్మతులకు పనికొస్తుంది. మూడు లీటర్లకు మూడు విడి డబ్బాలు కొనడం మంచిది కాదు. లేత షేడ్‌కు ఒక లీటరు డబ్బాలో పడే రంగు అతి తక్కువ. మిషన్ కొలతలో రవ్వంత తేడా వచ్చినా చిన్న డబ్బాలో అది పెద్దదవుతుంది. ఒకటికి మించి డబ్బాలు తప్పకపోతే అన్నిటినీ ఒకే పెద్ద బకెట్లో పోసి కలిపాకే మొదలుపెట్టాలి.

షీన్, అంటే ఆరిన పెయింటు మెరుపు కూడా రంగును మారుస్తుంది. అదే కోడు మ్యాట్‌లో మెత్తగా, శాటిన్‌లో కిటికీ వెలుతురును అద్దంలా పట్టి ఒకచోట తెల్లగా, ఇంకోచోట ముదురుగా కనిపిస్తుంది. మెరుపు ఎక్కువైతే లప్పం సరిగా రుద్దని చోట్లన్నీ తేలతాయి. లేత రంగులకు, ముఖ్యంగా కిటికీ వెలుతురు పక్కవాటుగా పడే గోడకు మ్యాట్ గానీ తక్కువ షీన్ గానీ మంచిది. చిన్నపిల్లలున్న ఇంట్లో గోడ తుడవాల్సి వస్తుంది కాబట్టి, కడిగినా తట్టుకునే రకంలోనే తక్కువ మెరుపుది చూసుకోవాలి. నమూనా పలకలకూ అదే షీన్ వాడాలి.

కొత్త ప్లాస్టరు 28 రోజులు ఆరకముందే రంగు వేస్తే, లోపలి తేమతో పాటు వచ్చే క్షారం లేత రంగును మచ్చలుగా మారుస్తుంది. పాత గోడ మీద ముదురు ఆకుపచ్చో పీచో ఉంటే ఒక కోటు ప్రైమర్ తప్పనిసరి. లేదంటే రెండు కోట్ల తర్వాత కూడా పాత రంగు అడుగు నుంచి తొంగిచూసి లోఛాయను మార్చేస్తుంది. పలక మీద సరిగ్గా ఉన్న రంగు గోడ మీద తేడాగా వచ్చిందంటే ముందుగా అనుమానించాల్సిన రెండు కారణాలు ఇవే: ప్రైమర్ మానేయడం, నీళ్లు ఎక్కువ కలపడం.

మిగిలిన పెయింటును గట్టి మూత ఉన్న చిన్న డబ్బాలో నిండుగా పోసి, దాని మీద కంపెనీ, ఎమల్షన్ రకం, షేడ్ కోడు, షీన్, బ్యాచ్ నంబరు, తేదీ, ఏ గదికి వాడారో రాసి పెట్టాలి. ఏడాది తర్వాత మేకు రంధ్రం పూడ్చి టచప్ చేసేటప్పుడు అప్పుడు వాడిన రకం రోలర్‌తోనే, పలచగా వేయాలి. అయినా మచ్చ తెలిస్తే మూల నుంచి మూల వరకు ఆ ఒక్క గోడకూ పూర్తిగా ఒక కోటు వేయాలి. రెండు గోడలు కలిసే చోట వెలుతురు ఎలాగూ మారుతుంది కాబట్టి, పాత కోటుకూ కొత్త కోటుకూ మధ్య స్వల్ప తేడా ఆ మూల దగ్గర కంటికి దొరకదు.